లెక్కల చావడి: చదరంగపు గళ్ళ ఇరవై అంకెల సంఖ్య

చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా అరవై నాలుగో గడి దాకా రెట్టిస్తూ పోతే మొత్తం గింజలు 18446744073709551615. తొలినాటి తెలుగు గణితకవి పావులూరి మల్లన పేరు మీద ప్రసిద్ధమైన ఒక చంపకమాల ఈ సంఖ్యనే చెబుతుంది. కిందటి సంచికలో ఆ పద్యాన్నీ ఈ సంఖ్యనూ వేసి, దీని గురించి ఏం అడగాలనిపిస్తే అది అడగమన్నాం. విశాఖపట్నం పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి మా గణితం లెక్చరర్లు ఇచ్చిన జవాబులు ఇవి. కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకుని చదివితే ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న (సీతమ్మధార నుంచి ఒక రిటైర్డ్ తెలుగు పండితులు): పద్యం నాకు కంఠతా వచ్చు. అందులో మొదటి మాట ‘శర’, అంటే 5. మీరు వేసిన సంఖ్య 1తో మొదలైంది. అచ్చుతప్పా?

జవాబు: కాదండి, రెండూ ఒప్పే. ఇలాంటి పద్యాల్లో ఒక్కో అంకెను ఒక్కో మాటతో చెబుతారు, ఆ అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మొదటి మాట ఒకట్ల స్థానం, రెండోది పదుల స్థానం. పద్యం మొదట్లో ఉన్న శర మన సంఖ్యలో చివరి 5. వరసగా విడదీస్తే: శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. ఇరవై మాటలు, ఇరవై అంకెలు. చివరి నుంచి మొదటికి రాసుకోండి, సంఖ్య సరిగ్గా వస్తుంది.

విడదీసేటప్పుడు జారే చోట్లు రెండున్నాయి. ‘వియన్నగాగ్ని’లో మూడు అంకెలున్నాయి, నగాగ్నిని ఒకే మాటగా పట్టుకుంటే పంతొమ్మిది అంకెలే తేలతాయి, అది వెంటనే తెలిసిపోతుంది. సముద్రాల దగ్గర చేసే తప్పు అంత తేలిగ్గా దొరకదు. సప్తసముద్రాలు కదా అని అబ్ధికీ పయోనిధికీ 7 వేస్తే అంకెల లెక్క ఇరవైకి సరిపోతుంది. మొత్తం 3తో భాగమవ్వాలి కదా అని అంకెలు కూడి చూస్తే 93 వస్తుంది, అదీ 3తో పోతుంది! అసలు మొత్తం 87. 3 పరీక్ష ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే రెండు తప్పులూ మూడేసి చొప్పున పెంచాయి. 9తో చూడాలి: 87ను 9తో భాగిస్తే శేషం 6, 93ను భాగిస్తే 3. మన సంఖ్య 2⁶⁴ కంటే ఒకటి తక్కువ (ఎందుకో గాజువాక పాఠకుడి జవాబులో ఉంది), కాబట్టి సరైన సంఖ్యకు శేషం 6 రావాలి. ఎందుకంటే 2⁶ అంటే 64ను 9తో భాగిస్తే 1 మిగులుతుంది. 64లో ఆరులు పది పోగా నాలుగు మిగులుతాయి కాబట్టి 2⁶⁴కీ 2⁴కీ శేషం ఒకటే, 16లో 7. అందులోంచి ఒకటి తీస్తే 6.

ప్రశ్న (మర్రిపాలెం నుంచి ఒక గృహిణి): మా పిల్లలు దీన్ని ఎలా చదవాలని అడుగుతున్నారు.

జవాబు: కుడి నుంచి ఏడేసి అంకెలు విడదీయండి: 184467 | 4407370 | 9551615. ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. శంఖం, పద్మం లాంటి పెద్ద పేర్ల విలువ పుస్తకానికో రకంగా ఉంటుంది. పిల్లలకు కోట్ల కోట్లతోనే చెప్పడం మంచిది.

ప్రశ్న (గాజువాక నుంచి ఒక కిరాణా వర్తకుడు): మాస్టారూ, మా కొట్లో కాలిక్యులేటర్‌కు పన్నెండు అంకెలే పడతాయి, 2ను రెట్టిస్తూ పోతే మధ్యలోనే ఎర్రర్ అంటోంది. కంప్యూటర్‌లో ఎక్సెల్‌కు ఇస్తే 18446744073709600000, మా అబ్బాయి బ్రౌజర్‌లో కొడితే 18446744073709552000. మీ సంఖ్య ఇంకొకటి. నేను ఏది నమ్మాలి?

జవాబు: పద్యాన్ని నమ్మండి. మీ కొట్లోని కాలిక్యులేటర్‌తోనే అది నిజమని తేల్చుకోవచ్చు.

ముందు 2¹⁶ = 65536. దాన్ని దానితోనే గుణిస్తే 2³² = 4294967296, పది అంకెలు, ఇక్కడి దాకా యంత్రానికి ఇబ్బంది లేదు. మళ్లీ దాన్ని దానితో గుణిస్తే 2⁶⁴ వస్తుంది, కానీ జవాబుకు ఇరవై అంకెలు కావాలి. అందుకని 4294967296ను మధ్యకి విరవండి: 42949, 67296. ఇప్పుడు మూడు గుణకారాలు.

42949 × 42949 = 1844616601
2 × 42949 × 67296 = 5780591808
67296 × 67296 = 4528751616

మూడూ పదేసి అంకెలే. మొదటి దాని పక్కన పది సున్నాలు, రెండో దాని పక్కన ఐదు సున్నాలు పెట్టండి, మూడో దాన్ని ఉన్నదున్నట్టు ఉంచండి. కాగితం మీద ఒకట్ల కింద ఒకట్లు వచ్చేలా రాసి కూడితే 18446744073709551616. ఇందులో 1 తీసేస్తే మొత్తం గింజలు. తప్పు జరిగేది ఎక్కువగా రెండో వరసలోనే: ‘2 ×’ మరిచిపోవడం, లేదా ఐదు సున్నాలకు నాలుగే పెట్టడం. గళ్ళ కాగితం వాడితే రెండోది జరగదు.

ఒకటి ఎందుకు తీస్తాం అంటారా? మొత్తం గింజల్ని ఇంకో గింజతో కలిపి చూడండి. ఆ ఒక గింజ, మొదటి గడిలోని ఒకటి కలిస్తే రెండు. రెండో గడిలోని రెండు కలిస్తే నాలుగు. మూడో గడితో ఎనిమిది. ఇలా చివరి గడి కలిసేసరికి సరిగ్గా 2⁶⁴ అవుతుంది. మనం బయట నుంచి తెచ్చిన ఆ ఒక్క గింజా తీసేయాలి.

ఇక కంప్యూటర్ సంగతి. ఎక్సెల్, బ్రౌజర్ రెండూ సంఖ్యను 53 ద్వయాంకాల (0, 1 మాత్రమే వాడే బిట్ల) ఖచ్చితత్వంతోనే దాచుకుంటాయి. 9007199254740992, అంటే 2⁵³ దాకా ప్రతి పూర్ణసంఖ్యనూ అవి సరిగ్గా పట్టుకుంటాయి. ఆపైన ఖాళీలు మొదలవుతాయి. 2⁶⁴కు కాస్త కింద అవి పట్టుకోగల సంఖ్యల మధ్య ఎడం 2048. మన సంఖ్యను ద్వయాంకాల్లో రాస్తే వరసగా అరవై నాలుగు ఒకట్లు. 53లో ఇమడదు కాబట్టి పక్కనే ఉన్న 2⁶⁴కు సర్దేస్తాయి. బ్రౌజర్ దాన్ని గుర్తుపట్టడానికి చాలినన్ని అంకెలే రాసి మిగతాచోట సున్నాలు నింపుతుంది. ఎక్సెల్ పదిహేను అంకెలే చూపించి ఆపైన సున్నాలు వేస్తుంది. ఇంకో సంగతి: ఎక్సెల్‌లో 2^64 అని సూత్రం ఇస్తే చివర 9600000 వస్తుంది. ఇరవై అంకెలూ చేత్తో టైపు చేస్తే మాత్రం పదిహేను తర్వాతివి సున్నాలుగా మారి చివర 9500000 మిగులుతుంది. ఒకే షీట్‌లో ఈ రెండూ ఉంటే ఎంత గందరగోళమో ఆలోచించండి. కొట్లో బ్యాంకు ఖాతా నంబర్లో, పొడవాటి బిల్లు నంబర్లో ఎక్కించేటప్పుడూ ఇదే ప్రమాదం. ఆ గడిని ముందే ‘టెక్స్ట్’గా మార్చి అప్పుడు టైపు చేయండి. టైపు చేశాక మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు.

ప్రశ్న (మద్దిలపాలెం నుంచి ఒక బీఎస్సీ విద్యార్థిని): ఈ సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం చేత్తో సాధ్యమేనా సార్? 3, 5 తీశాక ముందుకు పోలేకపోయాను.

జవాబు: సాధ్యమేనమ్మా, ఒక్క సాయంత్రం పని. వరసగా భాగించుకుంటూ పోతే మాత్రం విసుగొస్తుంది. ఈ సంఖ్య ఎలా పుట్టిందో మనకు తెలుసు కదా, 2⁶⁴ − 1. 64 సరిసంఖ్య కాబట్టి ఇది రెండు వర్గాల భేదం. వర్గాల భేదం అంటే మొత్తాన్ని భేదంతో గుణించినట్టే:

2⁶⁴ − 1 = (2³² + 1) × (2³² − 1)

రెండో బ్రాకెట్ మళ్లీ వర్గాల భేదమే. దాన్ని విప్పుతూ పో. చివరికి మిగిలేవి 2³² + 1, 2¹⁶ + 1, 2⁸ + 1, 2⁴ + 1, 2² + 1, 2 + 1. అంకెల్లో 4294967297, 65537, 257, 17, 5, 3. ఒక్క భాగాహారం చేయకుండానే ఆరు ముక్కలయ్యాయి.

ఇప్పుడు ఏది ప్రధానం, ఏది కాదు అన్నదే ప్రశ్న. 3, 5, 17, 257 సంగతి తెలిసిందే. 65537 వర్గమూలం 256కు కాస్త పైన. అక్కడి దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ చూడక్కర్లేదు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువగా ఉండాలన్న నియమం ఉంది. 65, 129, 193: వీటిలో ప్రధానం 193 ఒక్కటే. 193 × 339 = 65427, శేషం 110. అంతే, 65537 ప్రధాన సంఖ్య.

మిగిలింది 4294967297. 3, 5, 17, 257, 65537 ప్రధానాలు కావడం చూసి, ఆ వరసలో తర్వాతదీ అంతే అయి ఉంటుందని 17వ శతాబ్దంలో ఫెర్మా అనే గణితవేత్త నమ్మాడు. 1732లో ఆయిలర్ అది 641తో భాగమవుతుందని చూపించాడు. ఆయనకు 641 ఎలా తట్టిందా అని ఆశ్చర్యపడక్కర్లేదు. ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ను భాగిస్తే, ఆ ప్రధాన సంఖ్యతో 2³²కు శేషం −1, 2⁶⁴కు శేషం 1. అంతకంటే చిన్న ఘాతం దేనికీ శేషం 1 రాదు. ఫెర్మా చిన్న సిద్ధాంతాన్ని (p అనే బేసి ప్రధాన సంఖ్యతో 2 యొక్క p − 1 ఘాతానికి శేషం 1) దీనికి కలిపితే, ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసినది 64తో భాగమవ్వాలి. 1878లో ల్యూకా దీన్నే ఇంకాస్త బిగించి 64 బదులు 128 అన్నాడు. ఇప్పుడు వెతుకు: 129, 257, 385, 513, 641. ఇందులో 129, 385, 513 ప్రధానాలు కావు. 4294967295లో 257 ఒక కారణాంకం కాబట్టి, 4294967297ను 257తో భాగిస్తే 2 మిగులుతుంది, అదీ పోయింది. నిజంగా భాగించి చూడాల్సిన మొదటి సంఖ్యే 641!

భాగించకుండా రుజువు చేయాలంటే ఇంకా అందమైన దారి ఉంది. 641 = 5 × 128 + 1. అదే 641 = 625 + 16, అంటే 5⁴ + 2⁴. మొదటి రూపం ప్రకారం 5 × 2⁷కు 641తో శేషం −1. నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸కు శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2³²కు శేషం 1 అయింది. అంటే 2³² + 1కు శేషం సున్నా. పరీక్షలో ఈ ఐదు వాక్యాలు రాస్తే చాలు, పూర్తి మార్కులు రావాలి.

భాగిస్తే 4294967297 = 641 × 6700417. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. 6700417 ప్రధానమని ఎలా తెలుసు? దీని వర్గమూలం 2588కి కొంచెం పైన. దీని ప్రధాన కారణాంకం ఏదైనా 4294967297కూ కారణాంకమే, అందుచేత 128 నియమం దీనికీ వర్తిస్తుంది. 2588 లోపల ఆ నియమానికి నిలిచే ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 257 ముందే పోయింది. 641ను మాత్రం వదలకు, ఒకసారి తీసేశాం కదా అనుకోవద్దు, అది రెండుసార్లూ ఉండొచ్చు. శేషాలు ఇవి: 641కి 44, 769కి 120, 1153కి 334, 1409కి 622. ఏదీ పోలేదు. కాబట్టి

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు రాలేదు.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి ఒక పదో తరగతి విద్యార్థి): దీనికి మొత్తం ఎన్ని భాజకాలుంటాయి? వాటి మొత్తం కూడా కనుక్కోవచ్చా సార్?

జవాబు: పైన వచ్చిన ఏడు ప్రధాన సంఖ్యలనూ చూడు. ఒక భాజకాన్ని తయారుచేయాలంటే ఒక్కొక్క ప్రధాన సంఖ్యనూ తీసుకోవాలా వద్దా అని నిర్ణయించుకోవడమే. ఒక్కోదానికి రెండు దార్లు, ఏడింటికి 2⁷ = 128. ఏదీ తీసుకోకపోతే 1 వస్తుంది, అన్నీ తీసుకుంటే సంఖ్యే వస్తుంది. కొందరు ఏడు రెళ్ళు పద్నాలుగు అని రాస్తారు. ఇక్కడ కూడటం కాదు, గుణించాలి.

మొత్తానికి సూత్రం ఇంకా సులువు. ఏ ప్రధానమూ మళ్లీ రాలేదు కాబట్టి ఒక్కోదానికీ 1 కలిపి అన్నిటినీ గుణించు: 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418 = 31421980989189888768. ఇందులో సంఖ్య కూడా కలిసే ఉంది. దాన్ని తీసేస్తే మిగతా భాజకాల మొత్తం సంఖ్యలో సుమారు 70 శాతమే. 6, 28 లాంటి పరిపూర్ణ సంఖ్యలకు అది సరిగ్గా నూరు శాతం. సరి చూసుకోవడానికి ఒక చిట్కా: 65538 = 11 × 5958 కాబట్టి మొత్తం 11తో భాగమవ్వాలి; 4 × 6 × 18 = 432 తొమ్మిదితో పోతుంది కాబట్టి అంకెల మొత్తమూ పోవాలి. కూడి చూడు, 117.

ప్రశ్న (పెందుర్తి నుంచి ఒక హైస్కూల్ ఉపాధ్యాయిని): 7, 11, 13లతో ఇంత పెద్ద సంఖ్యకు శేషం కనుక్కోవడం తరగతిలో ఎలా చెప్పమంటారు?

జవాబు: మూడింటికీ కలిపి ఒకే లెక్క చాలండి. 7 × 11 × 13 = 1001. వెయ్యిని 1001తో భాగిస్తే శేషం −1. అందుకని కుడి నుంచి మూడేసి అంకెల ముక్కలు చేసి, ఒకటి కలుపుతూ ఒకటి తీస్తూ పోవాలి:

615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016

1016లో 1001 తీస్తే 15. ఇక 15ను 7తో భాగిస్తే 1, 11తో 4, 13తో 2. ఇవే పెద్ద సంఖ్య శేషాలు.

పిల్లలు తప్పు చేసేది గణితంలో కాదు, కామాల్లో. మనకు లక్షలు, కోట్లని రెండేసి అంకెలకు కామా పెట్టే అలవాటు. ఉన్న కామాలనే ముక్కలుగా తీసుకుని కలిపి తీసేస్తే జవాబు పాడవుతుంది. ముందు కామాలన్నీ కొట్టేయించండి. ఎడమ నుంచి ముక్కలు చేయడం ఇంకో తప్పు. 18446744073709551615ను ఎడమ నుంచి విడదీస్తే చివర 15 మాత్రమే మిగులుతుంది, స్థానాలన్నీ జరిగిపోతాయి.

రెండేసి అంకెల ముక్కలకూ ఒక ఉపయోగం ఉంది. వందను 99తో భాగిస్తే శేషం 1 కాబట్టి ముక్కలన్నీ ఊరికే కూడితే చాలు: 18 + 44 + 67 + 44 + 07 + 37 + 09 + 55 + 16 + 15 = 312. మళ్లీ 3 + 12 = 15. ఇది 99తో శేషం. 9తో 6, 11తో 4. పై లెక్కలోనూ 11తో 4 వచ్చింది, ఒకదాన్ని ఇంకోటి సరిచూసింది.

రెండు దార్లలోనూ 15 రావడం తరగతిలో తప్పక అడగాల్సిన ప్రశ్న. 2 ఘాతాల శేషాలు 7తో మూడింటికోసారి, 9తో ఆరింటికోసారి, 11తో పదింటికోసారి, 13తో పన్నెండింటికోసారి మొదటికొస్తాయి. 60 వీటన్నిటికీ గుణిజం. అందుకే 2⁶⁰ శేషం అన్నిటితోనూ 1. 2⁶⁴ శేషం 2⁴, అంటే 16. ఒకటి తీస్తే 15. పిల్లలు దీన్ని కనిపెట్టాక 2¹²⁴ − 1కు శేషాలు అడగండి, నోటితోనే చెబుతారు.

ప్రశ్న (ఋషికొండ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి): మా ప్రోగ్రామ్‌లో ఒక వస్తువు నిల్వ ఉన్నట్టుండి 18446744073709551611 అని చూపించింది. మీ సంఖ్యకు నాలుగే తక్కువ. సంబంధం ఉందా?

జవాబు: ఉంది. 64 బిట్ల అన్‌సైన్డ్ (రుణ సంఖ్యలు పట్టని) పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద సంఖ్య చదరంగం సంఖ్యే. దానికి ఒకటి కలిపితే మళ్లీ సున్నా; సున్నాలోంచి ఒకటి తీస్తే ఈ సంఖ్య. మీకు వచ్చిన దాన్ని 18446744073709551616లోంచి తీయండి: 5. అంటే నిల్వ −5 అవ్వాల్సింది. 3 ఉన్నచోట 8 తీసినట్టున్నారు.

బాగుచేసేటప్పుడు చాలామంది తీసివేత చేశాక ‘ఫలితం సున్నా కంటే తక్కువా’ అని పరీక్ష పెడతారు. అన్‌సైన్డ్‌లో ఆ పరీక్ష ఎప్పటికీ నిజం కాదు. తీసేముందే ‘ఉన్నది తీసేదానికంటే తక్కువా’ అని చూడాలి. సున్నా దాకా కిందికి దిగే లూప్‌లోనూ ఇదే పొరపాటుంటే అది ఆగదు. ఇంకోటి, ఇలాంటి విలువను జేసన్‌లో (ప్రోగ్రామ్‌ల మధ్య సమాచారం పంపే పద్ధతిలో) సంఖ్యగా పంపితే అవతల జావాస్క్రిప్ట్ చివరి అంకెల్ని మింగేస్తుంది, గాజువాక పాఠకుడికి చెప్పిన కారణమే. స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరసగా పంపండి. లేకపోతే ఆ అంకెల చోట చేరిన సున్నాలు చూసి తప్పు ఎక్కడుందో కనుక్కోవడం కూడా కష్టమవుతుంది.

ప్రశ్న (ఓల్డ్ పోస్టాఫీసు నుంచి ఏడో తరగతి బాబు): ఆ బియ్యమంతా మన పోర్టు నుంచి పంపాలంటే ఎన్ని ఓడలు కావాలి?

జవాబు: చాలా మంచి ప్రశ్న బాబూ. బియ్యం వెయ్యి గింజలు సుమారు 20 గ్రాములు అనుకుందాం. అప్పుడు గ్రాముకు 50, టన్నుకు 5 కోట్ల గింజలు. మొత్తాన్ని 5 కోట్లతో భాగిస్తే సుమారు 36,893 కోట్ల టన్నులు. ఓడకు 70 వేల టన్నులు ఎక్కిస్తే దాదాపు 52 లక్షల 70 వేల ఓడలు. రాత్రీ పగలూ గంటకో ఓడ బయల్దేరినా 600 ఏళ్లు పడుతుంది. ప్రపంచం మొత్తం ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కాస్త పైన, కాబట్టి ఇది దాదాపు ఏడొందల ఏళ్ల పంట. వెయ్యి గింజలు 25 గ్రాములు అనుకుంటే 46 వేల కోట్ల టన్నులు దాటుతుంది.

ఇప్పుడు నువ్వే ఒకటి చేసి చూడు. పలకలో సగం, అంటే 32 గళ్ళ బియ్యం ఎంత? 4294967295 గింజలు, 86 టన్నులు. నాలుగైదు పెద్ద లారీల్లో పట్టేస్తుంది. మిగతా సగం పలకలోనే ఆ ఓడలన్నీ ఉన్నాయి. చివరి గడి ఒక్కదాంట్లోనే, ముందున్న 63 గళ్ళూ కలిపిన దానికంటే ఒక గింజ ఎక్కువ ఉంటుంది.

ప్రశ్న (అక్కయ్యపాలెం నుంచి ఒక పాలిటెక్నిక్ విద్యార్థి): 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయొచ్చని విన్నాను. ఆ 17 ఇందులోనిదేనా?

జవాబు: అదే. 1796లో గౌస్ చూపించాడు. 3, 5, 17, 257, 65537 భుజాలతోనూ, వీటిలో వేర్వేరువాటి లబ్ధాలతోనూ గీయడం సాధ్యం. ఒకటి తీస్తే 2 ఘాతం వచ్చే ఇలాంటి ప్రధానాలు గానీ, వాటిలో వేర్వేరువాటి లబ్ధాలు గానీ కాని బేసి సంఖ్యలకు సాధ్యం కాదని 1837లో వాంట్‌జెల్ రుజువు చేశాడు. ఐదింటినీ గుణిస్తే 4294967295, సరిగ్గా సగం పలక బియ్యం. ఇలా గీయొచ్చని తెలిసిన బేసి భుజాల సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. 641, 6700417 ఈ జాబితాలోకి రావు, వాటి నుంచి ఒకటి తీస్తే 2 ఘాతం రాదు కాబట్టి.

ప్రశ్న (భీమిలి నుంచి ఒక పాఠకుడు): ఒకటి తీయకుండా ఒకటి కలిపితే? 18446744073709551617 ప్రధాన సంఖ్యా?

జవాబు: కాదు. 274177 × 67280421310721. 1880లో లాండ్రీ దీన్ని విడగొట్టాడు. పైన 4294967297కు చెప్పిన 128 నియమం ఇక్కడ 256కు మారుతుంది: 274177 = 256 × 1071 + 1. 4294967297కు 128 గుణిజాల్లో ఐదోదాని దగ్గరే కారణాంకం దొరికింది. దీనికి 1071వ గుణిజం దాకా వెళ్ళాలి. మధ్యలో ప్రధానాలు కానివాటిని, 3తోనో 5తోనో 7తోనో పోయేవాటిని ముందే కొట్టేస్తూ వెళ్తే పని సగానికంటే తగ్గుతుంది. ఓపికుంటే మొదటి యాభై గుణిజాలు చేసి పంపండి, సరిచూసి వచ్చే సంచికలో వేస్తాం.